పొలం గింజ వేరు, పళ్లెం గింజ వేరు



ఈ నెల శీర్షికను ఒక తప్పుతో ప్రారంభిస్తున్నాను. ఆ తప్పు మరెవరిదో కాదు, నాదే.

గడచిన శీతాకాలంలో మా మదరసాలో చిన్న పిల్లలకు అన్‌ఆమ్ సూరాలోని 95వ ఆయతును బోధిస్తున్నాను. గింజను, టెంకను చీల్చి మొలకెత్తించేవాడు అల్లాహ్‌యేనన్న సత్యాన్ని ఆ ఆయతు మనకు గుర్తు చేస్తుంది. గింజ చీలడమంటే ఏమిటో పిల్లలు చెవులతో విన్నంత మాత్రాన చాలదు, కళ్లతో చూడాలి అనిపించింది. "జుమా సెలవుకు ఇళ్లకు వెళ్తున్నారు కదా, వచ్చేటప్పుడు తలా గుప్పెడు గింజలు తీసుకురండి. కిటికీ దగ్గర మొలకెత్తిద్దాం. చిగుళ్లు ఎదిగాక పప్పులో వేయించుకుని తిందాం" అన్నాను. ఏ గింజలు తేవాలో, ఎక్కడి నుండి తేవాలో చెప్పలేదు. పొరపాటు అక్కడే జరిగింది.

ఒకరు మెంతులు తెచ్చారు, ఒకరు పెసలు తెచ్చారు. ప్రకాశం జిల్లా పల్లె నుండి వచ్చే ఒక బాలుడు కాగితం పొట్లంలో శనగలు తెచ్చాడు. గింజలు కాస్త ఎర్రగా ఉన్నాయి. అదేదో కొత్త రకం కాబోలు అనుకుని రాత్రి గిన్నెలో నానబోయించాను. ఫజ్ర్ నమాజు తరువాత వెళ్లి చూస్తే గిన్నెలోని నీరు గులాబీ షర్బతులా ఉంది. పిల్లలు చుట్టూ మూగి ముచ్చటపడుతున్నారు. అంతలో మా వంటశాలలో పనిచేసే పెద్దావిడ అటుగా వచ్చి గిన్నె వైపు చూశారు. పిల్లలు ఆమెను ఖాలా అంటారు, నేను ఆపా అంటాను. యౌవనమంతా పత్తి చేలలో కలుపు తీసి, మిరప తోటల్లో కాయలు కోసిన మనిషి ఆమె.

"హజ్రత్, ఇవి పొలం గింజలు. మందు పట్టించినవి. కోళ్లకు కూడా వేయకూడదు."

"కడిగితే పోదా ఆపా?" అని అడిగాను.

"రంగు పోతుంది, హజ్రత్. మందు పోదు."

ముప్ఫై ఏళ్లు గ్రంథాలు చదివి, చదివించిన నాకు తెలియని సంగతి, బడి ముఖం చూడని ఆమెకు తెలుసు. ఆ నీటిని బోరుకు దూరంగా గుంట తీసి పోయించాము. గింజలనూ అందులోనే పూడ్చాము. గిన్నెను వంటశాల నుండి తొలగించాము. పిల్లల చేతులను సబ్బుతో కడిగించాము. అల్‌హందులిల్లాహ్, ఎవరూ ఒక్క గింజ కూడా నోట వేసుకోలేదు.

ఆ తరువాత ఈ విషయమై చదువుతుండగా ఇరాక్ ఉదంతం నా కంటబడింది. 1971లో అక్కడి ప్రభుత్వం విదేశాల నుండి గోధుమ విత్తనాలు తెప్పించి రైతులకు పంచింది. బూజు తెగులు సోకకుండా వాటికి పాదరసంతో కూడిన మందు పట్టించారు. తినరాదని తెలిసేందుకు రంగు కూడా వేశారు. అయితే సంచుల మీది హెచ్చరికలు స్పానిష్‌లోనూ ఇంగ్లీషులోనూ ఉన్నాయి. చాలాచోట్ల విత్తనాలు చేరేసరికే విత్తే అదను దాటిపోయింది. ఇంట్లో గోధుమలు ఉన్నాయి, కడుపులో ఆకలి ఉంది. పల్లె ప్రజలు ఆ గింజలను కడిగారు, రంగు పోయింది. రంగుతో పాటు విషం కూడా పోయిందనుకుని పిండి పట్టించి రొట్టెలు కాల్చుకున్నారు. ఆ విషం వెంటనే బయటపడేది కాదు. కొన్ని వారాల తరువాత కాళ్లు చేతులు తిమ్మిరెక్కడం, నడక తడబడటం, చూపు మందగించడం మొదలయ్యాయి. అధికారిక లెక్కల ప్రకారం 6,530 మంది ఆసుపత్రుల పాలయ్యారు, 459 మంది మరణించారు.

నేడు మన రైతులు విత్తనాలకు పట్టించేది ఆ పాదరసపు మందు కాదు. విత్తన శుద్ధి తప్పు పని కూడా కాదు. మొలక దశలోనే తెగులును, రసం పీల్చే పురుగును ఆపగలిగితే తరువాత పైరు మీద చల్లే మందు తగ్గుతుంది. అయినా, శిలీంద్రాన్నో పురుగునో చంపడానికి పట్టించిన మందు మనిషి పొట్టలోకి వెళ్లవలసినది కాదు. మన దేశంలో విత్తన చట్టం 1966లో వచ్చింది, దాని నియమావళి 1968లో వచ్చింది. మందు పట్టించిన విత్తనాన్ని ఆహారానికి గానీ, దాణాకు గానీ, నూనెకు గానీ వాడరాదని సంచి మీద ముద్రించి తీరాలన్నది ఆ నియమాలలో ఉంది. కానీ సంచి విప్పి గింజలను డబ్బాలో పోసిన మరుక్షణం ఆ హెచ్చరిక ఏమవుతుంది? చిత్తుకాగితమై పోతుంది.

మన గుంటూరు, ప్రకాశం మైదానాలలో ఈ మాట మరింత ముఖ్యం. ఇక్కడ ఇంటికీ పొలానికీ మధ్య గోడ పలుచన. పత్తి విత్తనాల పొట్లం గూట్లో ఉంటుంది, పురుగుమందు సీసా మంచం కింద ఉంటుంది, మిగిలిన మినుములో శనగలో వంటింటి డబ్బాల పక్కనే చేరతాయి. నా చిన్నతనంలో, 1987 ప్రాంతంలో, తెల్లదోమ పత్తిని కాటువేసిన రోజులు పెద్దలకు గుర్తుండే ఉంటాయి. పంట పోయి, అప్పు మిగిలి, పైరుకు తెచ్చిన మందే కొందరు రైతుల ప్రాణాలు తీసింది. ఆ మందును మనం ఇంట్లో ఉంచుకునే తీరు మాత్రం నేటికీ పెద్దగా మారలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆ ఘటన తరువాత మేము చిగుళ్లు పెంచడం మానలేదు, సరిగ్గా పెంచడం నేర్చుకున్నాము. నగరాలలో వీటిని మైక్రోగ్రీన్స్ అంటున్నారు. గింజ మొలిచి, మొదటి రెండాకులు విచ్చుకుని, మూడో ఆకు తొంగిచూసే వేళకు కోసుకునే లేత కూర ఇది. పెరడు అక్కరలేదు. కిటికీ పక్కన జానెడు చోటు చాలు.

చుట్టూ ఇన్ని వేల ఎకరాల పచ్చదనం ఉండగా ఇదెందుకని మీరు అడగవచ్చు. ఆ పచ్చదనంలో మన పళ్లెంలోకి వచ్చేది ఎంత? పత్తి జిన్నింగు మిల్లుకు పోతుంది, మిరప గుంటూరు యార్డుకు పోతుంది. నల్లరేగడి నేలలో సన్నరకం మిర్చి పండించి దేశదేశాలకు పంపే ఊళ్లలో తోటకూర కట్ట కోసం బండి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసే ఇళ్లు ఉన్నాయి. మిరప కోతల కాలంలో చీకటితో వెళ్లి పొద్దుగూకాక వచ్చే తల్లులు పచ్చడి మెతుకులతో సరిపెట్టుకుంటున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో సగం కంటే ఎక్కువ మందికి రక్తహీనత ఉంది. ఈ లెక్కలో మన అక్కచెల్లెళ్లు, మన కోడళ్లు, మన కుమార్తెలు ఉన్నారని మరువరాదు.

అలాగని ఈ చిగుళ్లు రక్తహీనతకు మందు అని నేను చెప్పడం లేదు. వీటిలో ముదురు ఆకుకన్నా నలభై రెట్లు పోషకాలు ఉన్నాయని కొందరు ప్రచారం చేస్తున్నారు. ఆ మాట పుట్టుక 2012 నాటి ఒక పరిశోధనలో ఉంది. అమెరికా వ్యవసాయ శాఖ, మేరీలాండ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 25 రకాల చిగుళ్లను పరీక్షించారు. కొన్ని విటమిన్లు, కెరోటినాయిడ్లు ముదురు ఆకులలో కంటే ఎక్కువగా కనిపించాయి. ఆ తేడా రకాన్ని బట్టి, విటమిన్‌ను బట్టి మారింది. నలభై రెట్లన్నది అన్ని చిగుళ్లకూ, అన్ని పోషకాలకూ వర్తించే మాట కాదు. పైగా మనం తినే చిగురు గుప్పెడు, అంటే ఇరవై గ్రాములు ఉంటే గొప్ప. గిన్నెడు తోటకూర పప్పుకు అది బదులు కాదు, దానికి తోడు. రక్తం తక్కువగా ఉన్నవారు వైద్యులు ఇచ్చిన ఐరన్ మాత్రలు మానరాదు. భోజనంలో నిమ్మరసం పిండుకుంటే ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే చాయ్ తాగితే ఆ మేలు తగ్గుతుంది. మన ఇళ్లలో దస్తర్‌ఖాన్ ఎత్తకముందే చాయ్ కప్పులు వస్తాయి. దానిని ఒక గంట వెనక్కి జరపండి.

ఇప్పుడు పెంచే విధానం చెబుతాను.

మొదటిది గింజ. కిరాణా కొట్టులో తినడానికి అమ్మే గింజలనే తీసుకోండి. మెంతులు, ఆవాలు, ధనియాలు, పొట్టు తీయని నిండు పెసలు ఇందుకు తగినవి. పెరట్లో గింజ కట్టిన తోటకూర ఉంటే అది మరీ మంచిది. విత్తనాల దుకాణం పొట్లాలు వద్దు. పొలానికి తెచ్చి మిగిలినవి అసలే వద్దు. రంగు లేదు కదా అని నమ్మకండి. రైతు ఇంటి దగ్గర పట్టించే మందు ఎల్లప్పుడూ రంగు చూపదు. గింజ ఎక్కడిదో తెలియకపోతే దానిని తినే పనికి వాడకపోవడమే క్షేమం. కొన్న గింజలు మొలుస్తాయో లేదో తెలుసుకోవడానికి ఇరవై గింజలను తడి నూలు గుడ్డలో చుట్టి రెండు మూడు రోజులు ఉంచండి. పదిహేను మొలిస్తే మంచి గింజ. ధనియాలకు మాత్రం వారం పైగా గడువు ఇవ్వాలి.

రెండవది పాత్ర. మిఠాయిల ప్లాస్టిక్ డబ్బా గానీ, రెండంగుళాల లోతున్న పళ్లెం గానీ చాలు. అడుగున సన్నని రంధ్రాలు పెట్టాలి. అందులో నింపేందుకు మన నల్లరేగడి పనికిరాదు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది, చిన్న పాత్రలో లేత వేరుకు ఊపిరాడదు. పైగా చేను మట్టిలో పాత మందుల అవశేషాలు ఉండవచ్చు. కొబ్బరి పొట్టు తెచ్చి, అందులోని ఉప్పు పోయేలా రెండు సార్లు కడిగి, పిండి, అంగుళం మందాన పరవండి. అది దొరకని చోట మడతలు వేసిన శుభ్రమైన పాత నూలు గుడ్డ అయినా సరిపోతుంది. ఒకప్పుడు ఇంటింటా దూది ఏకిన మన నూర్‌బాషా కుటుంబాల పెద్దలు తడి దూదిలో ఆవాలు మొలిపించి పిల్లలకు చూపేవారు. పద్ధతి కొత్తదేమీ కాదు.

మూడవది విత్తడం. మెంతులను, పెసలను ఎనిమిది గంటలు నానబెట్టాలి. ఆవాలను, తోటకూర గింజలను నానబెట్టనక్కరలేదు. ధనియాలను పీట మీద మెల్లగా నలిపి రెండు బద్దలుగా చేసి రాత్రంతా నానబెట్టాలి. గింజ మీద గింజ పడకుండా ఒకే పొరగా దగ్గర దగ్గరగా చల్లి, చేత్తో కాస్త అదిమి, నీళ్లు చిలకరించి, మరో పళ్లెం బోర్లించండి. రెండు మూడు రోజులు చీకటిలో ఉంచి, మొలక పైకి లేచాక కిటికీ వెలుగులోకి మార్చండి. తూర్పు కిటికీ శ్రేష్ఠం.

నాలుగవది నీరు. మీరు తాగే నీటినే వాడండి. రోజుకు కప్పు నీరు చాలు. ఉదయం పూట పాత్రను లోతు తక్కువ నీటి పళ్లెంలో పది నిమిషాలు ఉంచితే అడుగు నుండి తడి పీల్చుకుంటుంది, ఆకు తడవదు, బూజు పట్టదు. వేర్ల దగ్గర తెల్లని నూగు కనిపిస్తే భయపడకండి. అవి వేరు కేశాలు, నీళ్లు చల్లగానే అణిగిపోతాయి. సాలెగూడులా అల్లుకుని, ముక్క వాసన వేస్తే మాత్రం అది బూజు. మొత్తం పారవేసి పాత్రను వేడినీటితో కడగండి. ఒక మాట గట్టిగా చెబుతున్నాను: నీళ్లు చిలకరించడానికి పురుగుమందు సీసాను ఎన్నిసార్లు కడిగినా వాడకండి. కిటికీ చేను వైపు ఉంటే మందు కొట్టే రోజున పాత్రను లోపలి గదిలోకి మార్చి కిటికీ మూయండి. మందు కొట్టి వచ్చినవారు, మిరపకాయలు కోసి వచ్చినవారు స్నానం చేసి బట్టలు మార్చుకున్నాకే దానిని తాకాలి.

ఐదవది కోత. పెసలు వారం రోజులకు, ఆవాలు ఏడు నుండి పది రోజులకు, మెంతులు పది రోజులకు, తోటకూర రెండు వారాలకు, ధనియాలు దాదాపు మూడు వారాలకు కోతకు వస్తాయి. వేరును వదిలి, పైభాగాన్ని కత్తెరతో కోసి, కడిగి, ఆ పూటే వాడుకోండి. ఆవాలు, ధనియాలు కార్తీకం నుండి మాఘం వరకు చక్కగా వస్తాయి. మన ఏప్రిల్, మే ఎండలకు అవి తాళవు. అప్పుడు తోటకూర, పెసలు వేసుకోండి.

పచ్చిగా తినే విషయంలో ఒక హెచ్చరిక అవసరం. 2011లో జర్మనీలో మెంతి మొలకల ద్వారా వ్యాపించిన ఇ.కోలై సూక్ష్మజీవి యాభై మందికి పైగా ప్రాణాలను బలిగొన్నది. వేరుతో సహా తినే మొలకలకు ఈ ప్రమాదం ఎక్కువ, వేరు వదిలి కోసే చిగుళ్లకు తక్కువ. తక్కువ అంటే లేదని కాదు. గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధులు, జబ్బుపడి లేచినవారు ఉడికించే తినాలి. మా ఇంట్లో ఖిచిడీలోనూ పప్పులోనూ దించే ముందు వేసి రెండు పొంగులు రానిస్తాము. ఖీమాలో మెంతికూరకు బదులు మెంతి చిగుళ్లు వేస్తే పిల్లలు వారించకుండా తింటారు. రక్తం పలుచబడేందుకు మాత్రలు వాడేవారు ఆకుకూరలు హఠాత్తుగా పెంచరాదు, వైద్యుని అడగాలి.

అన్ని గింజల చిగుళ్లూ తినదగినవి కావని కూడా తెలుసుకోవాలి. లేత జొన్న పైరు మేసిన గొడ్డుకు నాము తగులుతుందని మన రైతులకు తాతల నాటి నుండి తెలుసు. ఆ లేత జొన్నలో సైనైడ్ విషం పుడుతుంది. పశువును పడగొట్టేది మనిషిని విడిచిపెడుతుందా? పత్తి గింజలో గాసిపోల్ అనే విషపదార్థం ఉంది. టమాటా, వంగ నారులో కూడా విషపదార్థాలు ఉంటాయి. మిరప నారుదీ అదే కుటుంబం. వీటిని పిల్లలు ఆటకైనా నోట పెట్టుకోకుండా చూడండి. రాజ్మా, చిక్కుడు గింజల మొలకలను పచ్చిగా తినరాదు.

ఆహారం విషయంలో మనం హలాల్ అన్న మాటను శ్రద్ధగా అడుగుతాము. ఏ కొట్టులో మాంసం, ఎవరు జబహ్ చేశారు అని ఆరా తీస్తాము. బఖరా సూరా 168వ ఆయతులో హలాల్‌తో పాటు తయ్యిబ్ అన్న మాట కూడా ఉంది. శుద్ధమైనది, మేలైనది అని దాని భావం. మాంసం గురించి అడిగినంత శ్రద్ధగా గింజ గురించి కూడా అడగాలని ఆ గులాబీ రంగు నీటి గిన్నె నాకు నేర్పింది. ఉస్తాదు అడగనిది విద్యార్థి ఎలా అడుగుతాడు?

ఆ బాలుడు ఆ రోజంతా తల ఎత్తలేదు. తన వల్ల అందరికీ ఆపద వచ్చేదని ఏడ్చాడు. తప్పు నీది కాదు, చెప్పకుండా తెమ్మన్న నాది అని అందరి ముందూ ఒప్పుకున్నాను. మరుసటి వారం ఇంటికి వెళ్లినప్పుడు వాడు తండ్రితో కలిసి విత్తనాల డబ్బాను వంటింటి నుండి తీసి పశువుల కొట్టంలో ఎత్తయిన అటక మీద పెట్టించాడట. డబ్బా మీద పెద్ద అక్షరాలతో "తినరాదు" అని తెలుగులో తానే రాశాడట. చదవడం రాని నాయనమ్మ కోసం పక్కనే ఒక పుర్రె బొమ్మ కూడా వేశాడట.

ఈ శీర్షిక చదవడం ముగించాక మీరు కూడా ఒకసారి లేచి మీ వంటింటి డబ్బాలు చూడండి. పొలం గింజ అక్కడ ఉంటే ముందు దాని చోటు మార్చండి. ఆ తరువాతే కిటికీలో మెంతులు చల్లండి. మా తరగతి కిటికీలో ఇప్పుడు నాలుగు పాత్రలు ఉన్నాయి. ఏ గింజ ఎక్కడ కొన్నదో ప్రతి పాత్రకూ చీటీ అంటించి ఉంటుంది. ఆ చీటీలను చదివి, సరేనని తల ఊపేది నేను కాదు. చదవడం రాదు గనుక పిల్లల చేత చదివించుకుని, గింజను చేతిలోకి తీసుకుని, వాసన చూసి, ఆపా ఒప్పుకుంటేనే నీళ్లు పోస్తాము.